కోలారు బావుల్లో గప్పీలు

మందు కొట్టేవాళ్ళు వీధి మొదట్లో కనిపించగానే ఆ ఇంటి ఇల్లాలు గడపకు అడ్డంగా వచ్చి నిలబడింది. వెనక గదిలో తట్టల నిండా మల్బరీ ఆకు. ఆకు మీద వేల పురుగులు సన్నటి వాన పడుతున్నట్టు చప్పుడు చేస్తూ మేస్తున్నాయి.

"వద్దన్నా. పురుగు నాలుగో జ్వరం లేచింది, కుబుసం విడిచింది. ఇంకో వారంలో గూడు కడతాది. ఇప్పుడు మందు వాసన తగిలిందంటే తట్టలన్నీ తిప్పలో పారబోసుకునేదే."

"మలేరియా వస్తే ఏం చేస్తావమ్మా?"

"మాత్ర మింగుతాం. పంట పోతే అప్పు ఎవరు కడతారు?"

ఆమె పేరు, ఊరి పేరు అక్కర్లేదు. పట్టుపురుగులు పెంచే పల్లెల్లో ఏ గడప దగ్గర నిలబడినా వినిపించే మాట ఇది. ఆమె చెప్పింది అక్షరాలా నిజం కూడా. దోమ కీటకం, పట్టుపురుగు కీటకం. ఒకదాన్ని చంపే మందు రెండోదాన్ని వదలదు. గోడలకు మందు కొట్టి మలేరియాను తరమాలనే దేశవ్యాప్త పథకం కోలారు పట్టు పల్లెల్లో గడప దగ్గరే ఆగిపోయింది. ఆ గడప దాటకుండా, తట్టలు ముట్టకుండా, ఆ ఇంటి పిల్లలకు జ్వరం రాకుండా చూడడమెలా? ఈ ప్రశ్నకు జవాబు సగం బావిలోనూ, సగం ఢిల్లీలో ఒక మైక్రోస్కోపు కిందా దొరికింది. మైక్రోస్కోపు దగ్గర కూర్చున్నవారిలో ముఖ్యులు డాక్టర్ సరళా కె. సుబ్బారావు.

ముందు ఊళ్ళ సంగతి. కర్ణాటకలో, కోలారు జిల్లా బంగారుపేటలో కుప్పం వైపు రైలెక్కితే దారిలో కామసముద్రం స్టేషను వస్తుంది. ఒక పక్క ఆంధ్ర సరిహద్దు, ఇంకో పక్క తమిళనాడు. ఇళ్ళలో తెలుగు, కచేరీలో కన్నడం, సంతలో మూడూ. కాస్త దూరంలోనే కోలారు బంగారు గనులు. 1880లో జాన్ టేలర్ కంపెనీ అడుగుపెట్టిన నాటి నుంచీ ఆ గనులకు ప్రపంచంలో ఉన్న సౌకర్యాలన్నీ నడిచొచ్చాయి. 1902లో శివనసముద్రం జలపాతం నుంచి కరెంటు వచ్చింది. బేతమంగళం చెరువు నుంచి గొట్టాల్లో నీళ్ళు వచ్చాయి. చుట్టుపక్కల పల్లెలకు మాత్రం చేదబావే దిక్కు. జిల్లాలో ఏడాది పొడుగునా పారే నది ఒక్కటీ లేదు. చెరువులు ఉన్నాయి, వాన పడితే నాలుగు నెలలు పారే వాగులు ఉన్నాయి, మల్బరీ తోటల్లో, ఇళ్ళ మధ్యలో రాతి కట్టడం బావులు ఉన్నాయి. దోమ ఈ మూడింటిలో ఎక్కడైనా గుడ్లు పెట్టగలదు.

దేశం సంగతి ఇంకా పెద్దది. స్వాతంత్ర్యం వచ్చిన నాటికి ఏటా 7.5 కోట్ల మందికి మలేరియా, 8 లక్షల చావులు. 1953లో డీడీటీ మందు చల్లడం మొదలైంది. 1958లో దాన్ని నిర్మూలన కార్యక్రమంగా మార్చారు. 1965 నాటికి కేసులు లక్షకు దిగాయి. ఇక మలేరియా పోయినట్టేనని అందరూ అనుకున్నారు. 1976 వచ్చేసరికి 64 లక్షలు. దోమలు మందుకు అలవాటు పడ్డాయి, పరాన్నజీవి మాత్రకు అలవాటు పడింది, మనిషి నిర్లక్ష్యానికి అలవాటు పడ్డాడు. ఆ మరుసటి ఏడే, 1977లో, ఢిల్లీలో మలేరియా రిసెర్చ్ సెంటర్ పెట్టారు. 1983లో డాక్టర్ వి.పి. శర్మ నాయకత్వంలో ఆ కేంద్రం గుజరాత్‌లోని ఖేడా జిల్లా నడియాద్ దగ్గర ఒక ప్రయోగం మొదలుపెట్టింది. మందు చల్లకుండా గుంటలు పూడ్చడం, నీటి తొట్లకు మూతలు పెట్టడం, నీళ్ళలో చేపలు వదలడం ఆ ప్రయోగంలోని పనులు.

చేపలు వదలడమనేది మనవైపు కొత్త మాటేం కాదు. దోమ లార్వాలను తినే గంబూషియా చేప 1928లో ఇటలీ నుంచి మన దేశానికి వచ్చింది. అంతకు ముందే, ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్ళలో, గప్పీ వచ్చింది. 1970ల్లో హైదరాబాద్ బావుల్లో చేపలు వేసి దోమలను లెక్కగట్టి, 1976లో పత్రం రాశారు. అసలు 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో దోమ కడుపులో మలేరియా జీవిని చూసిన రొనాల్డ్ రాస్, అంతకు పద్నాలుగేళ్ళ ముందు బెంగళూరులో కుర్ర మిలిటరీ డాక్టరుగా ఉన్నప్పుడు, తన బంగళా పక్కనున్న నీళ్ళ తొట్టిని ఒంపేస్తే దోమలు తగ్గాయని గమనించాడు. అదే బెంగళూరులో వందేళ్ళ తరువాత మలేరియా రిసెర్చ్ సెంటర్ క్షేత్ర విభాగం పనిచేసింది. ఎస్.కె. ఘోష్, ఎస్.ఎన్. తివారి, టి.ఎస్. సత్యనారాయణ్, టి.ఆర్. సంపత్ లాంటివాళ్ళు అక్కడి నుంచి కోలారు పల్లెలు తిరిగారు.

మరి చేపలు తెచ్చి ఉన్న నీళ్ళన్నిటిలో వేసేయొచ్చు కదా? వేయొచ్చు. కానీ వాగులో వేసిన చేప తొలి వానకే కొట్టుకుపోతుంది. వాగు ఎండితే చస్తుంది. మడుగులు, గుంటలు, పొలం కాలువలు అన్నిటికీ చేపలు సరఫరా చేయాలంటే జిల్లా ఆరోగ్యశాఖ సిబ్బందంతా చేపల పనే చూసుకోవాలి. ఊరికి చుట్టూ ఉన్న నీళ్ళలో ఏ నీళ్ళు జ్వరం పుట్టిస్తున్నాయో ఎవరో ఒకరు చెప్పాలి. ఆ మాట చెప్పగలగడానికి చాలా ముందే, కోలారుతో ఏ సంబంధం లేకుండా, ఢిల్లీలో పని మొదలైపోయింది.

మన పల్లెల్లో మలేరియా తెచ్చే దోమల్లో ముఖ్యమైనది అనాఫిలిస్ క్యూలిసిఫేసిస్. 1901లోనే దానికి పేరు పెట్టారు. డెబ్బై, ఎనభై ఏళ్ళు అది ఒకే జాతి దోమ అనుకున్నారు. అయినా లెక్కలు కుదరలేదు. ఒక ఊళ్ళో ఈ దోమ గుంపులు గుంపులుగా ఉంటుంది, మలేరియా కూడా ఉంటుంది. ఇంకో ఊళ్ళో అంతకంటే ఎక్కువ ఉంటుంది, మలేరియా మాత్రం కనిపించదు. 1980లో గ్రీన్, మైల్స్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఇది ఒక జాతి కాదని, కంటికి ఒకేలా కనిపించే రెండు జాతులని చెప్పారు. వాటికి ఎ, బి అని పేర్లు పెట్టారు. రెక్క మీది మచ్చలు ఒకటే, కాళ్ళు ఒకటే, వాలే తీరూ ఒకటే. భూతద్దం పట్టుకుని రోజంతా కూర్చున్నా ఎ ఏదో బి ఏదో తేలదు.

సరళా సుబ్బారావు అప్పటికే దోమల జన్యుశాస్త్రంలో చేయి తిరిగినవారు. 1970ల్లో క్యూలెక్స్ దోమల మీద, కొన్ని జంటలు కలిసినా గుడ్లు పొదగకపోవడమనే వింత మీద, క్రిస్ కర్టిస్ లాంటివారితో కలిసి పనిచేశారు. మలేరియా రిసెర్చ్ సెంటర్‌లో ఎ, బి అనే ఈ కవల జాతులను విడదీసే పని ఆమె చేతికి వచ్చింది. ఆ పని ఎంత ఓపిక కోరుతుందో కాస్త దగ్గర నుంచి చూడాలి.

తెల్లవారకముందే కీటక సేకరణ సిబ్బంది పశువుల కొట్టాల్లోకి, ఇళ్ళలోకి వెళ్తారు. చేతిలో టార్చి, నోట్లో రబ్బరు గొట్టం, గొట్టం చివర గాజు నాళం. గోడ మీద వాలిన దోమ మీద వెలుతురు వేసి, మెల్లగా గాలి పీలిస్తే దోమ నాళంలోకి వస్తుంది. అలా పట్టిన వాటిలో మగవి పనికిరావు. ఆకలితో ఉన్న ఆడవీ పనికిరావు. రక్తం తాగి, ఆ రక్తం సగం అరిగి, గుడ్లు సగం ముదిరిన ఆడదోమ కావాలి. పొట్టలో ముందు సగం ఎర్రగా, వెనక సగం తెల్లగా ఉంటే అది ఆ దశలో ఉన్నట్టు. కొన్ని గంటలు ముందైనా వెనకైనా లాభం లేదు.

ఆ దోమ అండాశయాన్ని సన్నటి సూదులతో బయటికి తీసి, మిథనాల్, ఎసిటిక్ ఆమ్లం కలిపిన ద్రవంలో వేస్తారు. తరువాత ఆవగింజలో పావు వంతు కూడా లేని ముక్కను స్లైడు మీద పెట్టి, రంగు వేసి, పైన పలచటి గాజు పలక పెట్టి వేలితో నొక్కాలి. గట్టిగా నొక్కితే లోపలి క్రోమోజోములు చిరిగిపోతాయి. మెల్లగా నొక్కితే ముడి విడదు. సరిగ్గా పడినప్పుడు, గుడ్డుకు ఆహారం అందించే కణాల్లోని లావుపాటి క్రోమోజోములు విచ్చుకుని, వాటి మీద అడ్డంగా నల్లచారలు వరుసగా కనిపిస్తాయి. ఆ వరుసే దోమ జాతకం. ఎ జాతి ఎక్స్ క్రోమోజోములో ఒక చోట చారలు కఖగఘ అని ఉన్నాయనుకుంటే, బి జాతిలో అదే చోట మధ్య ముక్క తిరగబడి కగఖఘ అని ఉంటుంది.

ఇంతవరకూ తేడా మాత్రమే. తేడా ఉన్నంత మాత్రాన వేరే జాతి అనలేం. ఒకే ఇంట్లో నల్లకళ్ళవాళ్ళు, పిల్లికళ్ళవాళ్ళు ఉండొచ్చు. అసలు రుజువు మరొకటి ఉంది. రెండు రకాలూ ఒకే కొట్టం గోడ మీద పక్కపక్కన వాలుతున్నాయి. అవి కలిసి పిల్లల్ని కంటుంటే తల్లి వరుస ఒకటి, తండ్రి వరుస ఒకటి ఉన్న సంకరం కనిపించాలి. రెండు వరుసలూ జత కలవలేక అక్కడ క్రోమోజోము మెలిక పడుతుంది. మైక్రోస్కోపులో దాన్ని గుర్తుపట్టకుండా ఉండలేం. స్లైడు తరువాత స్లైడు చూసినా ఆ మెలిక కనిపించకపోతే, ఆ దోమలు ఒకే గోడ మీద ఉంటూ కూడా ఒకదానితో ఒకటి కలవడం లేదన్నమాట. అవి రెండు జాతులు. లేనిదాన్ని వెతికి, అది లేదని నిరూపించే పని ఇది. నా దృష్టిలో విజ్ఞానశాస్త్రంలో దీనికంటే కష్టమైన పని, చప్పట్లు తక్కువ పడే పని ఇంకోటి లేదు.

ఆ ఓపికతోనే 1983లో సరళా సుబ్బారావు బృందం మూడో జాతిని, సి ని, పట్టుకుంది. తరువాత డి వచ్చింది. 1999లో రామేశ్వరం ద్వీపం నుంచి ఇ వచ్చింది. ఆ చివరిదాని కథ బాగుంటుంది. బి జాతి మలేరియాను దాదాపు మోయదని అప్పటికి తేలిపోయింది. అది ఎక్కువగా పశువుల రక్తమే తాగుతుంది, పరాన్నజీవి దాని ఒంట్లో సరిగా పెరగదు. కానీ రామేశ్వరంలో బి లా కనిపించే దోమ మలేరియా మోస్తోంది. సిద్ధాంతం తప్పయిందని వదిలేయకుండా మగదోమల వై క్రోమోజోము చూస్తే, అందులో తేడా బయటపడింది. అది బి కాదు, బి వేషంలో ఉన్న మరో జాతి. దక్షిణాసియా, ఆగ్నేయాసియా అనాఫిలిస్ దోమల్లోని ఇలాంటి కవల జాతుల మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ తెచ్చిన గ్రంథం సరళా సుబ్బారావు రాసిందే. ఆమె మలేరియా రిసెర్చ్ సెంటర్‌కు డైరెక్టర్‌గా కూడా పనిచేశారు.

ఇప్పుడు మళ్ళీ కోలారు పల్లెలకు వద్దాం. ఇక్కడ ఉన్నవి ఎ, బి రెండే. ఎ మలేరియా మోస్తుంది, బి మోయదు. మరి ఏ నీళ్ళలోంచి ఏది లేస్తోంది? బెంగళూరు విభాగం మనుషులు నీళ్ళను వేరు చేసి చూశారు. తేలింది ఇది: ఎ కి బావి ఇష్టం. బి కి వాగు ఇష్టం.

ఎన్నో ఏళ్ళ చిక్కు ఒక్కసారి విడిపోయింది. వాగు పారే ఊళ్ళో సాయంత్రం కాగానే కొట్టంలో దోమలు ముసురుతాయి, కానీ అవి ఎక్కువగా బి. బావి ఉన్న ఊళ్ళో దోమలు అంతగా కనిపించకపోయినా అవి ఎ. జ్వరం ఊరి మధ్యనే, తాగేనీళ్ళ బావిలోనే పుడుతోంది. అంటే వాగుల జోలికి, కాలువల జోలికి వెళ్ళక్కర్లేదు. బావుల్లో చేపలు వేస్తే చాలు. బావికి కట్టుంది, గట్టుంది, చేప కొట్టుకుపోదు. బావులను లెక్కపెట్టొచ్చు, ప్రతి బావికీ వెళ్ళి చూసి రావొచ్చు.

ఎంచుకున్న చేప గప్పీ. మగది అంగుళం, ఆడది రెండంగుళాలు. నోరు పైకి తిరిగి ఉంటుంది కాబట్టి నీటి పైపొరలోనే మేస్తుంది. అనాఫిలిస్ లార్వా కూడా గాలి కోసం నీటి పైపొరకు సమాంతరంగా పడుకుని ఉంటుంది. రోజుకు 80 నుంచి 100 లార్వాలను తినగలదని ఆరోగ్యశాఖ లెక్క. గంబూషియా ఇంకా ఎక్కువ తింటుంది.

అయితే లార్వాలన్నీ అయిపోయాక చేప ఏం తింటుంది? చేపల మేత మీద పనిచేసేవాళ్ళు మొదట అడిగే ప్రశ్న ఇదే, ఈ పథకం ప్రాణమంతా ఇందులోనే ఉంది. చెరువులో రొయ్యకో బొచ్చెకో తవుడు, చెక్క వేసి పెంచుతాం. బావిలో గప్పీకి ఎవరూ ఏమీ వేయరు. వేయకూడదు కూడా, కడుపు నిండిన చేపకు లార్వా మీద ధ్యాస తగ్గుతుంది. రాతి కట్టడానికి పట్టిన పాచి, నీళ్ళలోని సూక్ష్మజీవులు, రాలిపడ్డ పురుగు పుట్ర దానికి సరిపోతాయి. ఏమీ దొరక్కపోతే తన పిల్లల్నే తింటుంది. అందుకే లార్వాలు లేని నెలల్లోనూ చేప బావిలో బతికి ఉంటుంది, దోమ మళ్ళీ గుడ్లు పెట్టినప్పుడు కాచుకుని ఉంటుంది. గుడ్లు పెట్టకుండా నేరుగా పిల్లల్ని కంటుంది కాబట్టి సంతతి తెగదు. లార్వాలను చంపే మందైతే నీళ్ళలో వారం వారం పోయాలి. చేపను ఒకసారి వేసి, అప్పుడప్పుడు వెళ్ళి బతికుందో లేదో చూసుకుంటే చాలు.

ఊళ్ళో జనం ఒప్పుకోవాలి కదా. తాగేనీళ్ళ బావి అది. బిందె పట్టుకుని వచ్చిన అమ్మ గట్టు మీదున్న మనిషిని నిలదీస్తుంది.

"చేపలేస్తే నీళ్ళు నీచు కొడతాయి గదా సామీ. మా ఇంట్లో మాంసం ముట్టరు. దేవుడికి అభిషేకం నీళ్ళు గూడా ఇవే."

ఆమె అడిగింది న్యాయమైన మాటే. దానికి ఉపన్యాసంతో జవాబు చెప్పడం కుదరదు. బకెట్‌తో నీళ్ళు చేది, అందులో పైపొరలో కొట్టుకుంటున్న లార్వాలను చూపిస్తే ఆమె ముఖం చిట్లిస్తుంది. ఇన్నాళ్ళూ ఆ పురుగుల నీళ్ళే తాగారు. చేపలున్న సంచిని కాసేపు బావినీళ్ళలో తేల్చి, రెండు నీళ్ళ వేడీ ఒకటయ్యాక మెల్లగా వదలాలి. కొన్నాళ్ళ తరువాత వచ్చి అదే బకెట్ వేసి, మళ్ళీ ఆమెకే చూపించాలి. ఊరు ఊరుకూ ఇంతే ఓపిక కావాలి. 2001లో తుముకూరు జిల్లా పల్లెల్లో ఈ సంగతులనే కళాజాతగా, పాటలతో ఆటలతో ఆడి చూపించారు. అరుగు మీద కూర్చున్న ముసలాయనకు శాస్త్రం చేరవేయడానికి పాటకు మించిన దారి లేదని నేను నమ్ముతాను.

ఫలితం 2005లో లండన్ నుంచి వెలువడే ఉష్ణమండల వైద్య సంఘం పత్రికలో అచ్చయింది. ఘోష్ పేరు మొదట, సరళా సుబ్బారావు పేరు చివర. బావుల్లో చేపలు వేశాక మలేరియా మోసే ఎ జాతి దోమ తగ్గిపోయింది, దానితో పాటే జ్వరాలూ పడిపోయాయి. వాగుల్లో బి అలాగే ఉంది, దాన్ని ఎవరూ ముట్టుకోలేదు, ముట్టుకోవాల్సిన అవసరమూ రాలేదు. పట్టు తట్టల మీద ఒక్క చుక్క మందు పడలేదు.

ఈ కథ విని ఉత్సాహంగా ఏ నీళ్ళలో పడితే ఆ నీళ్ళలో గప్పీలు, గంబూషియాలు వదిలేవాళ్ళకు ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇవి మన చేపలు కావు. గప్పీ ట్రినిడాడ్, దక్షిణ అమెరికా ఉత్తర తీరాలది. గంబూషియా అమెరికాది. చెరువులోకో వాగులోకో వెళ్తే మన చేపల గుడ్లను, పిల్లలను తినేస్తాయి, ముఖ్యంగా గంబూషియా. దాన్ని ప్రపంచంలోని అతి హానికర వలస జీవుల జాబితాలో చేర్చారు. కోలారు ప్రయోగం గొప్పతనం అవి బావి గట్టు దాటకపోవడంలోనే ఉంది. ఏ నీళ్ళలో వేయాలో తెలిసింది కాబట్టే ఏ నీళ్ళలో వేయకూడదో కూడా తెలిసింది. ఇప్పటికీ వానాకాలం రాగానే నాయకులు చెరువు గట్టున నిలబడి సంచులు కుమ్మరిస్తూ ఫొటోలు దిగుతుంటారు. ఆ చెరువులో ఏ దోమ పుడుతోందో ముందు ఎవరైనా చూశారా అని అడగడం మన హక్కు.

ఈలోగా కోలారే మారిపోయింది. 2001 ఫిబ్రవరి 28న బంగారు గనులు మూతపడ్డాయి. బోరుబావులు వెయ్యి అడుగులు దిగాయి, చేదబావులు ఎండిపోయాయి. వాటిలోని చేపలు పోయాయి, ఆ బావినే నమ్ముకున్న ఎ జాతి దోమకూ చోటు తగ్గింది. 2018 నుంచి బెంగళూరు మురుగునీటిని శుద్ధిచేసి కేసీ వ్యాలీ పథకం కింద కోలారు చెరువులకు పంపుతున్నారు. ఏళ్ళ తరబడి బీటలు వారిన చెరువుల్లో నీళ్ళు నిలుస్తున్నాయి. ఆ నీటి నాణ్యత మీద కోర్టుల్లో వాదాలు నడిచాయి, అది వేరే పెద్ద కథ. చెరువు నిండితే కింది బావుల్లో ఊట వస్తుంది. ఆ ఊటనీళ్ళలో మొదటిసారి లార్వాలు కనిపించిన రోజున జిల్లా ఆరోగ్యశాఖ చేపల సంచి కంటే ముందు టార్చి, గాజు నాళం పట్టుకున్న మనిషిని పంపాలి. పొట్ట సగం ఎర్రగా, సగం తెల్లగా ఉన్న ఒక్క దోమ దొరికితే, అది ఎ నో బి నో చెప్పడం మనకు ఇప్పుడు చేతనైన పనే.